రత్తమ్మగారి వాంగ్మూలంలో కుంపటి

ముప్పై ఏళ్ల పైచిలుకు నేను రాయచూరు కోర్టులో ఇతరుల మాటలు మాట్లాడాను. సాక్షి తెలుగులో చెబితే కన్నడంలో, ఉర్దూలో చెబితే కన్నడంలో, జడ్జిగారు కన్నడంలో అడిగితే సాక్షికి వచ్చిన భాషలో. కాగితాల మీద నా ఉద్యోగం అనువాదకుడు. కోర్టు ఆవరణలో మాత్రం అందరూ నన్ను తర్జుమా సత్యం అనేవాళ్లు.

ఈ మధ్య ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఒకమ్మాయి, ఒకబ్బాయి. ఇద్దరికీ అదే ఉద్యోగం కొత్తగా వచ్చింది. ఏ నిఘంటువులు కొనాలి, ఏ చట్టాలు చదవాలి అని అడిగారు. చెప్పాను. పోయేటప్పుడు ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, "సార్, మీరెప్పుడన్న తప్పు చేసిండ్రా?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. వాళ్లు వెళ్లాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

భాషలు ఎక్కడ నేర్చుకున్నాను

బళ్లో కాదు. మా నాన్నకు రాయచూరు బజారులో గిన్నెల దుకాణం ఉండేది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, దుకాణంలో ఎవరొస్తే వాళ్ల భాష. ఒక్క మధ్యాహ్నంలో మా నాన్న మూడు భాషల్లో ఒకే రకం బిందె అమ్మేవాడు. దానివల్ల నాకు ఒక గర్వం పట్టుకుంది. నాకు రాని మాట ఈ జిల్లాలో లేదనుకునేవాణ్ణి.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ గర్వం ఉంటుంది. మూడు భాషలు తెలియడం వేరు, ఒక భాషలో ఒకరు పెట్టిన ప్రాణాన్ని ఇంకో భాషలోకి చెక్కుచెదరకుండా తీసుకురావడం వేరు. మొదటిది బజారులో వస్తుంది. రెండోది ఎవరికైనా నష్టం జరిగాకే వస్తుందేమో. నాకైతే అలాగే వచ్చింది.

మాటకు మాట

నేను చేరినప్పుడు ఇబ్రహీం సాబ్ అక్కడ సీనియర్ గుమాస్తా. తర్వాత ఆయనే శిరస్తేదారు, అంటే ఆఫీసు మొత్తానికి పెద్ద, అయ్యారు. పొట్టి మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. నన్ను మొదటిరోజే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

"చూడు సత్యం. నీ అకల్, నీ తెలివి ఇంట్ల పెట్టి రా. ఈడ నాలుక ఒక్కటి చాలు. సాక్షి రాయి అంటె రాయి అను. బండ అనకు. మాటకు మాట. గంతే."

ఆయన మీద చాలామంది విసుక్కునేవాళ్లు. నేను విసుక్కోలేదు, ఎందుకంటే ఆయన అలా ఎందుకు అయ్యారో నాకు తెలుసు. ఆయన కుర్రతనంలో ఒక అనువాదకుడు సాక్షుల మాటలను 'బాగుచేసి' చెప్పేవాడట. ఒకసారి 'కొట్టాడేమో' అన్నదాన్ని 'కొట్టాడు' అన్నాడు. ఆ ఒక్క 'ఏమో' పోయినందుకు ఒక మనిషి శిక్ష అనుభవించాడు. ఆ మనిషి ఇబ్రహీం సాబ్ వాళ్ల వీధివాడే. అప్పట్నుంచి ఆయనకు అర్థం చెప్పే అనువాదకుడంటే భయం.

మాటకు మాట అన్న సూత్రం నన్ను చాలాసార్లు కాపాడింది. ఒకసారి గ్రామం నుంచి ఒక అవ్వ వచ్చి, "మా ఆయన పోయిండు" అని చెప్పింది. అప్పటికి కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు 'భర్త మరణించాడు' అని రాసేశాడు. నేను 'పోయాడు' అనే ఉంచాను. ఎక్కడికి పోయాడని జడ్జిగారు అడిగితే, హైదరాబాదుకు, కూలికి, అంది అవ్వ. కోర్టంతా నవ్వింది. ఇబ్రహీం సాబ్ మాత్రం నవ్వలేదు. "దేఖా?" అన్నారు నాతో.

కానీ మంచి సూత్రం కూడా ఆలోచన మానేసిన మనిషి చేతిలో పడితే ఏమవుతుందో చెప్పడానికే మిగతాదంతా రాస్తున్నాను.

రత్తమ్మగారు

కవితాళ వైపు కాలువ కింద, కోస్తా నుంచి వచ్చిన రైతుల ఊళ్లు ఉన్నాయి. మేం వాటిని క్యాంపులంటాం. అలాంటి ఒక క్యాంపులో పుష్యమాసంలో, తెల్లవారుతుండగా, ఒక ఇల్లు అంటుకుంది. తాటాకుల వసారా, దాన్ని ఆనుకుని గడ్డివాము, పక్కనే పశువుల పాక. అన్నీ పోయాయి. రెండు గేదెలు చచ్చిపోయాయి. వసారాలో మంచం మీద పక్షవాతంతో కాళ్లు పడిపోయి ఉన్న ఇంటిపెద్ద వీర్రాజుగారిని చిన్నకొడుకు రాంబాబు లోపలికి దూరి బయటికి లాగాడు. లాగేటప్పుడు వాడి రెండు చేతులూ కాలాయి.

కేసు ఆ రాంబాబు మీదే పడింది. పెట్టింది అన్న శ్రీనివాసరావు. ఇద్దరికీ పొలం పంపకం దగ్గర గొడవ ఉంది. ఆ దసరా తర్వాత రాంబాబు ఇంట్లోంచి వెళ్లిపోయి కాలువ గట్టు దగ్గర రేకుల షెడ్డు వేసుకుని ఉంటున్నాడు. అంత దూరంలో ఉన్నవాడు అందరికన్నా ముందు ఎలా వచ్చాడు, చేతులెందుకు కాలాయి, ఇదీ అన్న అనుమానం. వీర్రాజుగారికి నోటమాట లేదు. కొన్ని నెలలకు ఆయన జబ్బు ముదిరి పోయారు. రాంబాబుకు బెయిలు దొరకలేదు. తండ్రి అంత్యక్రియలకు పోలీసులతో వచ్చి పోలీసులతో వెళ్లాడు.

తల్లి రత్తమ్మగారు ప్రభుత్వం తరపు సాక్షిగా వచ్చారు. అన్నదమ్ముల గొడవ గురించి చెప్పించడానికి ఆమెను పిలిచారు. అరవై దాటిన మనిషి. నేతచీర, మెడలో నల్లపూసలు తీసేసిన గుర్తు ఇంకా తెల్లగా ఉంది. గొంతు మరీ చిన్నది. ఆరోజు వాన. కోర్టు హాలు కప్పు మీద వాన చప్పుడు, పైన ఫ్యాను గరగర. బోనుకు దగ్గరగా నేనే ఉన్నాను కాబట్టి ఆమె మాట నాకొక్కడికే సరిగ్గా వినిపించింది. దూరంగా గోడ దగ్గర పోలీసుల మధ్య నిలబడ్డ రాంబాబుకు వినిపించినవి నా మాటలే, వాడికీ వచ్చిన కన్నడంలో, నా పెద్ద గొంతుతో.

ప్రాసిక్యూటరు చిన్నకొడుకు ఎలాంటివాడని అడిగారు.

"మంచోడేనండి. పెళ్లి కుదరక నా గుండెల మీద కుంపటైపోయాడు గానీ."

అన్నతో సంబంధాలు ఎలా ఉండేవని అడిగారు.

"దసరా ఎల్లగానే వేరు కుంపటి పెట్టుకున్నాడండి."

మంటలు అంటుకున్న రోజు గడ్డి పక్కన కుంపటి ఉందా అని అడిగారు. ఉందో లేదో అంతే చెప్పమన్నారు. కాలిపోయిన చోట ఒక పగిలిన మట్టి కుంపటి దొరికిందని పోలీసులు రాశారు కాబట్టి ఆ ప్రశ్న.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత, "ఉందండి. అది... చేతులు..." అన్నారు.

"చాలు" అన్నారు ప్రాసిక్యూటరు.

నేను మాటకు మాట చెప్పాను. కుంపటికి కన్నడంలో అగ్గిష్టికె. నా ఎదమీద అగ్గిష్టికె అయ్యాడు. బేరె అగ్గిష్టికె ఇట్టిద్ద, అంటే వేరేగా కుంపటి పెట్టాడు. మూడోది ప్రశ్నతో కలిపి, గడ్డి పక్కన అగ్గిష్టికె ఉంది. 'చేతులు' అన్నది సగంలో ఆగిన మాట కాబట్టి చెప్పలేదు. సగం మాటలు చెప్పకూడదని నాకు నేర్పారు.

రాంబాబు తరపు లాయరును కోర్టే ఏర్పాటు చేసింది. బెళగావి వైపు అబ్బాయి, తెలుగు రాదు. తల్లే కొడుకుకు వ్యతిరేకంగా చెబుతోందనుకుని, ఎక్కువ అడిగితే ఇంకెంత చెబుతుందోనని, ప్రశ్నలు లేవని కూర్చున్నాడు. నేను గోడ వైపు చూశాను. రాంబాబు తల వంచుకుని తన చేతుల వంక చూసుకుంటున్నాడు.

వాంగ్మూలం రాశాక సాక్షికి తన భాషలో చదివి వినిపించాలి. అది నియమం, మంచి నియమం. బోను దగ్గర, ఆమెకు మాత్రమే వినపడేట్టు వినిపించాను. ఇక్కడ జరిగింది మీరు గమనించండి. కన్నడంలో రాసిన అగ్గిష్టికెను నేను మళ్లీ తెలుగులో చెబితే కుంపటి అయింది. ఆమె తన మాటలు తాను విన్నారు. అంతా సరిగ్గానే ఉంది. తలూపి వేలిముద్ర వేశారు. తప్పు పట్టుకోవడానికి పెట్టిన నియమం కాస్తా నా తప్పును దాచిపెట్టింది.

శరణమ్మ అడిగిన ప్రశ్న

పది పన్నెండు రోజుల తర్వాత మా టైపిస్టు శరణమ్మ ఆ వాంగ్మూలానికి నకలు తీస్తోంది. ఆమెది చిక్కసూగూరు, రోజూ బస్సులో వచ్చి పోయేది. మాతృభాష కన్నడం, కానీ మా అందరితో తెలుగు కలిపి మాట్లాడేది. టైపు చేయడం ఆపి నన్ను పిలిచింది.

"సార్, ఈ అజ్జిది కుంపటి ఒక్కటా, మూడా?"

"ఎందుకమ్మా?"

"ఎదమీద ఒకటి, కొడుకు షెడ్డుల ఒకటి, గడ్డి పక్కన ఒకటి. ఒక్కటే అయితే ఎట్ల తిరిగింది? మూడయితే కాలింది ఏది?"

ఆమె వేళాకోళానికే అడిగింది. నేను ఆ కాగితం తీసుకుని చదివాను. కన్నడం మాత్రమే వచ్చిన మనిషిలాగా, తెలుగు మర్చిపోయి చదివాను. కొడుకు వేరేగా ఒక కుంపటి పెట్టాడు, మంటలు లేచిన చోట కుంపటి ఉంది అని తల్లే చెప్పినట్టుంది. ఆ కాగితం మీద ఆధారపడితే ఎవరైనా రాంబాబే నిప్పు పెట్టాడంటారు.

వేరు కుంపటి పెట్టుకోవడమంటే వేరు కాపురం పెట్టుకోవడమని తెలుగు పుట్టుక పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కన్నడంలో దానికి సరిగ్గా సరిపడే మాట ఉంది కూడా. 'బేరె ఒలె హూడిద' అంటారు, వేరే పొయ్యి పెట్టాడని. ఆ మాట ఆరోజు నా నాలుక మీదికి రాలేదనను. వచ్చింది. పొయ్యి అనలేదు కదా, కుంపటి అంది కదా అని మింగేశాను. తెలియక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు.

ఇబ్రహీం సాబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన అప్పటికి రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, కాగితం రెండుసార్లు చదివారు.

"దస్తకత్, వేలిముద్ర అన్నీ అయిపోయినై సత్యం. ఇప్పుడు నువ్వు తప్పు జేసిన అంటె, రేపు పొద్దున ప్రతి లాయరు వచ్చి మీ తర్జుమా తప్పంటడు. నీ ఒక్కనిది కాదు, ఆఫీసుది పోతది ఇజ్జత్."

"మరి ఆ పిలగాడు?" అన్నాను.

ఆయన కాగితం మడిచి నాకిచ్చేశారు. నేను నా బల్ల దగ్గరికి వచ్చి జడ్జిగారికి అర్జీ రాయడం మొదలుపెట్టాను. సాయంత్రం ఆయనే వచ్చి నా వెనక నిలబడ్డారు. రాసింది చదివారు. 'నిర్లక్ష్యం వల్ల' అని నేను రాసిన చోట వేలు పెట్టి, "ఇది కొట్టెయ్యకు" అన్నారు. తర్వాత నా సంతకం కింద తను కూడా సంతకం పెట్టారు. "మాటకు మాట అని నేర్పింది నేనే గద. నా పేరు గూడ ఉండని."

ఈ రోజుల్లో పైఅధికారుల గురించి చాలామంది చాలా చెబుతారు. నాకు ఆ సంతకం గుర్తుంది.

ఒక మాట కోసం తిరిగిన తిరుగుడు

జడ్జిగారు మైసూరు వైపు ఆవిడ. అర్జీ చదివి నన్ను తన గదికి పిలిపించారు. కోప్పడ్డారు. కోప్పడాల్సిందే. తర్వాత, రెండు పక్షాల లాయర్లకూ తెలియజేసి సాక్షిని మళ్లీ పిలుస్తాననీ, ఆలోపు ఈ మాటకు ఎన్ని అర్థాలున్నాయో, మీరు చెప్పడం కాదు, ఆధారాలతో రాసి ఇమ్మనీ అన్నారు. వాయిదా ఆరు వారాలకు పడింది.

ఆ ఆరు వారాలూ సెలవు దొరికినప్పుడల్లా తిరిగాను. బజారులో కంసాలి దగ్గరికి పోయాను. ఆయన కుంపటంటే బంగారం కరిగించే తన మట్టి కుంపటే చూపించాడు. "మా ఇంట్ల అన్నం పెట్టేది ఇదే, ఇంకో కుంపటి ఎందుకు?" అన్నాడు. మా మేనత్త అయితే, చలికాలం పొద్దున వాళ్ల అవ్వ ఒళ్లో పెట్టుకుని చేతులు కాపుకునే చిన్న మట్టిపాత్ర అని చెప్పింది. పిడక నిప్పులు, పైన బూడిద, దాని మీద చేతులు. పాత రాయచూరులో ప్రతి ముసలివాళ్ల మంచం పక్కనా ఒకటి ఉండేదట. బాలింతకు పురిటిమంచం కింద పెట్టేది కూడా అదేనట.

ఇబ్రహీం సాబ్ ఇంట్లో దాన్ని అంగీఠీ అంటారు. ఒక కన్నడ లెక్చరర్ నాకు చెప్పిన విషయం మాత్రం ఆశ్చర్యం వేసింది. ఉర్దూ అంగీఠీ, కన్నడ అగ్గిష్టికె, రెండూ ఒకే సంస్కృత పదం నుంచి వచ్చినవట. అగ్నిష్ఠిక, నిప్పు ఉండే చోటు. ఒకటి ఉత్తరం మీదుగా తిరిగి వచ్చింది, ఇంకోటి ఇక్కడే అరిగింది. కుంపటి మాత్రం వాటి చుట్టం కాదు. కన్నడంలో కుంపటె, తమిళంలో కుంపట్టి ఉన్నాయి కాబట్టి ఇది మన దక్షిణాది మాటే అన్నారాయన. కుంభంతో ముడిపెట్టేవాళ్లు కూడా ఉన్నారట. నేను పండితుణ్ణి కాను. ఎవరిది నిజమో తేల్చలేను. ఇబ్రహీం సాబ్‌కు ఇదంతా చెబితే, "అంటె మా అంగీఠీ, జడ్జిమేడం అగ్గిష్టికె అక్కాచెల్లెళ్లు. నీ కుంపటే పరాయిది" అని చాలారోజుల తర్వాత నవ్వారు.

మాటలు ఎలా పెరుగుతాయో అప్పుడు కొంచెం అర్థమైంది. చేతులు కాచుకునే పాత్ర మీద వంట చేసుకున్నారు, కాబట్టి అది పొయ్యి అయింది. పొయ్యి వేరైతే కాపురం వేరు, కాబట్టి అది కాపురమైంది. నిప్పు గుండె మీద పెట్టుకుంటే ఎలా ఉంటుందో అలాంటి దిగులుకు అదే పేరయింది. జరగని వింత జరిగితే కుంపట్లో తామర మొలిచిందన్నారు. పాత్ర ఒకటే. దాని చుట్టూ కూర్చున్నవాళ్లు వేరు.

ఇవన్నీ నిఘంటువుల నకళ్లతో రెండు పేజీలు రాసిచ్చాను. నా ఉద్యోగంలో నేను రాసిన వాటిలో మంచివి అవే అనుకుంటాను. చెయ్యాల్సిన పని ఆలస్యంగా చేసినప్పుడు మనుషులు చాలా బాగా చేస్తారు.

మళ్లీ బోనులో

ఈసారి జడ్జిగారు ఫ్యాను ఆపించారు. రాంబాబును గోడ దగ్గర్నుంచి ముందుకు తెచ్చి నిలబెట్టమన్నారు. శ్రీనివాసరావు వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

నేను అడిగాను. "అమ్మా, పోయినసారి మీ మాటల్లో కుంపటి మూడుసార్లు వచ్చింది. ఒక్కొక్కటీ విడదీసి చెప్పమంటున్నారు జడ్జిగారు. గుండెల మీద కుంపటంటే?"

ఆమె నా వంక వింతగా చూశారు. తెలుగువాడివై ఉండి ఇదేం ప్రశ్న అన్నట్టు.

"దిగులండి. పెళ్లీడు దాటిపోతంది కదా వాడికి."

"వేరు కుంపటి?"

"ఏరు పడ్డాడండి. వాడి వంట వాడు చేసుకుంటన్నాడు."

"ఆరోజు గడ్డి పక్కన ఉన్న కుంపటి ఎవరిది?"

"ఎవరిదేంటండి, ఆయనదే. మా ఇంట్లో కుంపటంటే ఆయనదే కదా. ఇంకెవరిదుంటది?"

జడ్జిగారు నాకు సైగ చేశారు. నేను మెల్లగా అడిగాను. "ఆరోజు దాన్ని అక్కడ ఎవరు పెట్టారమ్మా?"

"నేనేనండి." ఆమె బోను కమ్మీని రెండు చేతులా పట్టుకున్నారు. "చలికి ఆయన చేతులు కొంకర్లు పోయేవండి. నోటమాట లేదు కదా, చేతులు రెండూ రుద్దుకుని చూపించేవారు. నిప్పులేసి మంచం పక్కన పెట్టి, పాలు తీయడానికెళ్లేను. చెయ్యి తగిలి దొర్లిపోయినట్టుందండి. నేను గేదె దగ్గర్నించి చూసేసరికి గడ్డి అంటుకుంది. నేను కేకేస్తే చిన్నోడు పరిగెత్తుకొచ్చేడు. వాడు కాలవ గట్టు మీదే ఉన్నాడండి, నీళ్లు మళ్లిస్తా."

ఈసారి ఒక్కో మాటా, ఆమె ఆగిన ప్రతి చోటూ చెప్పాను. చేతులు రుద్దుకుని చూపించేవారు అన్నది చెప్పేటప్పుడు నా చేతులు కూడా తెలియకుండా కదిలాయి. జడ్జిగారు అది కూడా చూశారు.

ఈ సంగతి పోలీసులకు ఎందుకు చెప్పలేదని ప్రాసిక్యూటరు అడిగారు.

"పెద్దోడికి తెలిస్తే, నువ్వే మా నాన్నని కాల్చేవంటాడేమోనని భయమేసిందండి. ఆయన ఇంకా బతికే ఉన్నారప్పుడు. తర్వాత ఆయన పోయేరు. ఇంక దాచి ఏం చేస్తానని కోర్టులో చెప్పేసేను." ఆమె కళ్లు నా మీద నిలిచాయి. "మొదటిరోజే చెప్పేను కదా బాబుగారూ. కుంపటి ఉందని."

ఆ మాట కూడా కన్నడంలో చెప్పాల్సి వచ్చింది. మొదటిరోజే చెప్పాను కదా అన్నది ఆమె నన్ను అడుగుతున్న మాట. నేను దాన్ని జడ్జిగారికి చెబుతున్నాను. నా ఉద్యోగంలో అంత కష్టంగా పలికిన వాక్యం మరొకటి లేదు.

వెనక బల్ల మీద శ్రీనివాసరావు రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

తర్వాత పెద్దగా చెప్పాల్సింది లేదు. శ్రీనివాసరావు తను చూసింది కాదు, అనుమానించింది చెప్పానని ఒప్పుకున్నాడు. రాంబాబు నిర్దోషి అని తీర్పు వచ్చింది. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది, అది న్యాయమే. అన్నదమ్ములు కలిసిపోలేదు. వేరుగానే ఉన్నారని, నాట్లకు మాత్రం ఒకరి పొలంలో ఒకరు దిగుతున్నారని తర్వాత ఎవరో చెప్పారు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఇప్పుడు ఫోను తర్జుమా చేస్తోంది. నేనూ చూశాను. నా కన్నా వేగంగా చేస్తుంది, అప్పుడప్పుడు నా కన్నా బాగా. దానితో పోటీ పడకండి. అది చెయ్యలేనిదొకటి మీరు చెయ్యగలరు. అనుమానం వచ్చినప్పుడు చెయ్యి పైకెత్తి, ఈ మాటకు రెండు అర్థాలున్నాయి, సాక్షిని మళ్లీ అడగనివ్వండి అనగలరు. జడ్జిగారు విసుక్కుంటారు. లాయరు గడియారం చూసుకుంటాడు. అయినా అడగండి. మధ్యలో తెగిన మాటను తెగిందని చెప్పండి. మీకంత బాగా తెలుసనుకున్న మాట దగ్గరే ఎక్కువసేపు ఆగండి.

ఇబ్రహీం సాబ్ తప్పు చెప్పారని నేను ఈనాటికీ అనను. ఆయన భయం నిజమైనదే. సాక్షి మాటకు మన అర్థం అంటగట్టడం పాపం. సాక్షి అర్థాన్ని వదిలేసి మాటను మాత్రం మోసుకుపోవడం కూడా అంతే. ఈ రెంటి మధ్య సన్నటి గట్టు మీద నడవడమే ఈ పని.

తీర్పు రోజు

తీర్పు రోజు మధ్యాహ్నం రత్తమ్మగారు కోర్టు వరండాలో ఒక్కరే కూర్చుని ఉన్నారు, ఒళ్లో గుడ్డసంచితో. జైల్లో కాగితాల పని పూర్తిచేసుకుని రాంబాబు అక్కడికే రావాలి. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అమ్మా, మీకొక మాట చెప్పాలి. మొదటిరోజు మీరు సరిగ్గానే చెప్పారు. నేనే సరిగ్గా చెప్పలేదు. తప్పు నాది."

కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"నాకే చెప్పడం రాలేదేమో అనుకున్నానండి," అన్నారు ఆమె. "ఇన్నాళ్లూ అదే అనుకున్నాను. సదూకోలేదు కదా, కోర్టులో ఎలా చెప్పాలో తెలీక నా కొడుకుని నేనే ఇరికించేసేనని. మొన్న విన్నాక కూడా, ముందు తనమీద చెప్పి ఇప్పుడు మాట మార్చేననుకుంటన్నాడు వాడు, జైలుకెళ్తే నా మొహం చూడ్డం లేదండి. అన్నం పట్టుకెళ్తే గోడవైపు తిరిగి తింటన్నాడు."

నాకు గోడ దగ్గర నిలబడి చేతుల వంక చూసుకుంటున్న రాంబాబు గుర్తొచ్చాడు. వాడు ఆరోజు విన్నది తల్లి గొంతు కాదు, నాది.

రాంబాబు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. తల్లికి నాలుగడుగుల దూరంలో ఆగి, చెప్పులు సర్దుకుంటున్నట్టు కిందికి చూస్తున్నాడు. నేను వాడి దగ్గరికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టాడు. గొంతును బట్టి అనుకుంటాను.

"రాంబాబూ, మీ అమ్మ మొదటిరోజే నిజం చెప్పారు. కుంపటి తనే పెట్టానని చెప్పబోయారు. నీ మీద ఒక్కమాట చెప్పలేదు. వేరు కాపురం పెట్టావని చెబితే నేను దాన్ని వేరే కుంపటి పెట్టావని కన్నడంలో చెప్పాను. నువ్వు విన్నవి నా మాటలు."

వాడు నా వంక చూశాడు, తల్లి వంక చూశాడు. రత్తమ్మగారు లేవబోయి, మోకాళ్లు సహకరించక మళ్లీ కూర్చున్నారు.

"మొదటిరోజే చెప్పేన్రా," అన్నారు. "ఈ బాబుగారు కూడా అదే అంటన్నారు."

రాంబాబు నాలుగడుగులూ వేశాడు. వంగి, మచ్చలు పడ్డ చేత్తో ఆమె ఒళ్లోని సంచి తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. రెండో చెయ్యి ఆమె ముందు పెట్టాడు, పట్టుకుని లేవమని.

"పదవే," అన్నాడు. "కవితాళ బస్సెల్లిపోద్ది."